ఎత్తు ఎక్కుతుంటే కట్ అవుతోంది, ఆగి బయల్దేరుతుంటే వణుకుతోంది: 48 వోల్ట్ గేర్డ్ హబ్ మోటార్, లోపం ఎక్కడ?

ప్రశ్న – గేర్‌హబ్_సైకిల్

మామూలు గేర్ సైకిల్ వెనక చక్రానికి హబ్ మోటార్ కిట్ బిగించాను. మళ్లీ మళ్లీ అడగాల్సిన పని లేకుండా వివరాలన్నీ ముందే రాస్తున్నాను.

మోటార్: 48 వోల్ట్, 500 వాట్. లోపల ప్లానెటరీ గేర్లు, క్లచ్ ఉన్న రకం.
కంట్రోలర్: 22 ఆంప్. హాల్ సెన్సర్లు ఉన్నా లేకున్నా నడిచే డ్యూయల్ మోడ్. లో వోల్టేజ్ కట్ 41 వోల్ట్‌లు.
బ్యాటరీ: 18650 సెల్స్, 13 సిరీస్, 4 పారలల్ (నాలుగేసి సెల్స్ ఒక గ్రూప్, అలాంటి గ్రూపులు 13 వరుసగా). 30 ఆంప్ బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే బోర్డు), ఒక్కో గ్రూప్‌కి కట్ 2.8 వోల్ట్‌లు.
ఫ్రేమ్ స్టీల్. ఇరుసుకి కిట్‌తో వచ్చిన వాషర్లు, నట్లే ఉన్నాయి. టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే పట్టీ) లేదు.

సమస్య ఇదీ. స్టాండ్ మీద వెనక చక్రం లేపి థ్రాటిల్ ఇస్తే ఏ తేడా లేకుండా తిరుగుతుంది. రోడ్డు మీద మాత్రం ఆగి బయల్దేరేటప్పుడు ఒక్కోసారి గుర్రుమని వణుకుతుంది కానీ కదలదు. రెండు పెడల్స్ తొక్కి చక్రం కదిలిస్తే అక్కణ్నుంచి బాగానే లాగుతుంది. ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతుంది. స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ నడుస్తుంది. ఫుల్ చార్జ్‌లో ఇలా ఆగిపోవడం తక్కువ, సగం దిగాక ఎక్కువ.

బ్యాటరీ మీద అనుమానంతో డిస్‌ప్లేలో వోల్టేజ్ గమనించాను. నిలబడి ఉన్నప్పుడు 53.6, ఎత్తు మీద ఫుల్ థ్రాటిల్‌లో 48. కట్ అయ్యేది 41 దగ్గర కదా, కాబట్టి బ్యాటరీ బాగానే ఉందనిపిస్తోంది. కంట్రోలర్ పోయిందా? కొత్తది కొనే ముందు ఏమేం చెక్ చేయాలో చెప్పగలరా?

జవాబు – వైరింగ్‌డబ్బా

కంట్రోలర్ కొనకండి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు లోపాలు కనిపిస్తున్నాయి. రెండింటికీ ఒకే కారణం వెతికితే ఎక్కడా తేలదు.

ముందు ఒక్క విషయం చూసి చెప్పండి. ఎత్తు మీద ఆగిపోయిన క్షణంలో డిస్‌ప్లే వెలుగుతూనే ఉందా, అది కూడా ఆరిపోయిందా? వెలుగుతూ ఉంటే కంట్రోలర్‌కి కరెంట్ అందుతోంది, ఆపింది కంట్రోలరే: లో వోల్టేజ్, బ్రేక్ కటాఫ్, హాల్, వేడి, వీటిలో ఏదో ఒకటి. డిస్‌ప్లే కూడా ఆరిపోతే కరెంట్ బ్యాటరీ దగ్గరే తెగింది. అంటే బీఎంఎస్ అయినా ఆపి ఉండాలి, మెయిన్ కనెక్టర్ అయినా వదులై ఉండాలి. ఈ ఒక్క జవాబుతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

బయల్దేరేటప్పటి వణుకు సంగతి వేరు. అది హాల్ సిగ్నల్ లోపం లక్షణం. మోటార్ నిలబడి ఉన్నప్పుడు రోటర్ (లోపల తిరిగే భాగం) ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి హాల్ సెన్సర్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. మూడింట్లో ఒకటి రాకపోతే కొన్ని స్థానాల్లో తప్పు ఫేజ్‌కి (మోటార్‌కి వెళ్లే మూడు లావు వైర్లలో తప్పు దానికి) కరెంట్ వెళ్తుంది, మోటార్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. చక్రం కదిలాక ఫేజ్ వైర్లలో పుట్టే వోల్టేజ్ చూసి డ్యూయల్ మోడ్ కంట్రోలర్ హాల్ లేకుండానే నడిపేస్తుంది. రెండు పెడల్స్ తొక్కితే సర్దుకోవడం అందుకే. స్టాండ్ మీద లోడ్ ఉండదు కాబట్టి ఆ మొదటి కుదుపులోనే చక్రం తిరిగిపోతుంది, లోపం బయటపడదు.

హాల్ కొలిచే పద్ధతి: థ్రాటిల్ కనెక్టర్ తీసి పక్కన పెట్టండి, పొరపాటున కూడా మోటార్ తిరగకూడదు. హాల్ కనెక్టర్ మాత్రం తగిలించే ఉంచి పవర్ ఆన్ చేయండి. మల్టీమీటర్ డీసీ 20 వోల్ట్ రేంజ్‌లో పెట్టి, నల్ల ప్రోబ్‌ని హాల్ నలుపు వైరు మీద కనెక్టర్ వెనక వైపు నుంచి గుచ్చండి. ప్రోబ్ దూరకపోతే గుండుసూదిని వైరు పక్కగా లోపలికి తోసి దాన్ని ముట్టుకోండి, కానీ సూదులు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఎరుపు మీద 4.5 నుంచి 5 వోల్ట్‌ల వరకు ఉండాలి. తర్వాత పసుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి చూస్తూ చక్రాన్ని *వెనక్కి* తిప్పండి. గేర్డ్ హబ్‌లో ముందుకి తిప్పితే క్లచ్ జారుతుంది, లోపల మోటార్ కదలదు, రీడింగ్ ఎంత సేపటికీ మారదు. దాంతో మూడు హాల్స్ పోయాయనుకుని హబ్ విప్పేసేవాళ్లు చాలామంది. వెనక్కి తిప్పేటప్పుడు కూడా వేలితో అంగుళం అంగుళం తిప్పాలి. గేర్ల వల్ల లోపలి రోటర్ చక్రం కన్నా చాలా రెట్లు ఎక్కువ తిరుగుతుంది కాబట్టి జోరుగా తిప్పితే మీటర్ అందుకోలేక 2.5 దగ్గర ఊగుతూ కనిపిస్తుంది.

ప్రతి సిగ్నల్ వైరూ దాదాపు సున్నాకీ, దాదాపు 5కీ మధ్య తెగగొట్టినట్టు మారాలి. మధ్యలో 1.5, 3 అంటూ నిలబడితే ఆ లైన్ మీద తడి, తుప్పు, లేదా సగం తెగిన వైరు ఉన్నట్టు. మూడూ ఒకేసారి పైనా, మూడూ ఒకేసారి కిందా ఉండే స్థితి ఈ మోటార్లలో రాకూడదు. వచ్చిందంటే ఒకటి చచ్చినట్టే.

కొలిచేటప్పుడు ఇరుసు దగ్గర కేబుల్‌ని కొంచెం అటూ ఇటూ వంచి కూడా చూడండి. టార్క్ ఆర్మ్ లేదన్నారు కాబట్టి నా అనుమానం అక్కడే ఉంది.

జవాబు – పదమూడు_ఎస్

పై మాటతో నేను ఏకీభవిస్తాను. బ్యాటరీ బాగుందన్న మీ లెక్క గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మొత్తం వోల్టేజ్ 48 దగ్గర ఉంది కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే అనుకోవడం చాలా సాధారణం, అది తప్పుదారి పట్టిస్తుంది.

కంట్రోలర్ చూసేది మొత్తం వోల్టేజ్. బీఎంఎస్ చూసేది 13 గ్రూపుల్ని విడివిడిగా. ఒక్క గ్రూప్ 2.8 కిందికి జారినా బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది. లెక్క చూడండి. మంచి 4 పారలల్ గ్రూప్‌కి లోపలి నిరోధం, సెల్స్‌ని కలిపే లోహపు స్ట్రిప్పులతో కలిపి, సుమారు 15 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. 22 ఆంప్‌ల దగ్గర ఒక్కో గ్రూప్ 0.33 వోల్ట్ దిగుతుంది. మీ ప్యాక్ 53.6 అంటే గ్రూప్‌కి 4.12. పదమూడూ బాగుంటే ఒక్కోటి 3.79, మొత్తం 49.3 ఉండాలి. మీకు 48 వస్తోంది. తేడా వోల్ట్ పైచిలుకే. కానీ ఆ తేడా అంతా ఒక్క గ్రూప్‌దే అయితే, పన్నెండు గ్రూపులు 3.79 దగ్గర నిలబడి ఒకటి మాత్రం 2.5 దగ్గరికి పడిపోతున్నట్టు. డిస్‌ప్లేకి అది కనబడదు, బీఎంఎస్‌కి కనబడుతుంది.

సగం దిగాక ఎక్కువసార్లు ఆగుతోందన్న మాట కూడా దీనికే సరిపోతుంది. చెడ్డ గ్రూప్ నిరోధం 65 మిల్లీ ఓమ్‌లనుకుంటే, 4.12 నుంచి 2.8కి పడడానికి 20 ఆంప్‌లు కావాలి. అదే గ్రూప్ నిలబడి 3.6 ఉన్నప్పుడు 12 ఆంప్‌లు చాలు.

దీన్ని సైకిల్ తొక్కుతూ కొలవలేరు, స్టాండ్ మీద అసలు తెలియదు. లోడ్ లేని గేర్డ్ మోటార్ తీసుకునేది ఒక ఆంప్ అటూ ఇటూ అంతే. వెనక బ్రేక్ పట్టి థ్రాటిల్ ఇవ్వడం కొందరు చేస్తారు, దయచేసి చేయకండి. నిలిచిన మోటార్‌లో కరెంట్ అంతా వేడిగా మారుతుంది, ప్లాస్టిక్ గేర్ల పళ్లు కూడా పోవచ్చు.

12 వోల్ట్, 55 వాట్ హ్యాలోజన్ హెడ్‌ల్యాంప్ బల్బులు నాలుగు సిరీస్‌లో కలపండి. 48 వోల్ట్‌లకి సుమారు నాలుగున్నర ఆంప్‌ల లోడ్ తయారవుతుంది. బల్బులు విపరీతంగా వేడెక్కుతాయి కాబట్టి ఇటుక మీదో, రేకు మీదో పెట్టండి. ప్యాక్ డిశ్చార్జ్ కనెక్టర్‌కి 10 ఆంప్ ఫ్యూజ్ ద్వారా తగిలించండి. బీఎంఎస్ బ్యాలెన్స్ కనెక్టర్‌లో 14 సన్న వైర్లుంటాయి, పక్కపక్క పిన్నుల మధ్య ఒక్కో గ్రూప్ వోల్టేజ్ వస్తుంది. ప్రోబ్ మొనకి చివరి రెండు మిల్లీమీటర్లు మాత్రం వదిలి మిగతాదంతా టేప్ చుట్టండి. ఆ కనెక్టర్‌లో ప్రోబ్ జారి రెండు పిన్నులు కలిస్తే సన్న వైరు కాలిపోతుంది, ఒక్కోసారి బీఎంఎస్ కూడా.

ప్రతి గ్రూప్‌కీ మూడు రీడింగులు రాసుకోండి: లోడ్ లేకుండా, బల్బులు వెలిగి అర నిమిషం అయ్యాక, బల్బులు తీసిన వెంటనే. మూడోది ముఖ్యం, ఎందుకో రీడింగులు వచ్చాక చెబుతాను. నాలుగోది కూడా కుదిరితే మంచిది: చార్జర్ పెట్టిన మొదటి నిమిషంలోనే ఒక్కో గ్రూప్ ఎంత చూపిస్తోందో.

జవాబు – స్పోక్‌కీ

వణుకుతోందంటే ఫేజ్ వైర్లు మార్చి చూడాల్సిందే కదా. మూడు ఫేజ్‌లకి ఆరు రకాల కాంబినేషన్లు, ఒక్కోటి పెట్టి చూడండి. కొత్త కంట్రోలర్ పెట్టినప్పుడల్లా చేసే పనే ఇది.

జవాబు – వైరింగ్‌డబ్బా

స్పోక్‌కీ గారూ, కొత్తగా జత చేసినప్పుడు అయితే మీరు చెప్పింది సరైనదే. హాల్ వైర్ల వరుస కదపకుండా ఉంచితే ఆరు ఫేజ్ కాంబినేషన్లలో ఒక్కటే సవ్యంగా నడుస్తుంది. అది కూడా వెనక్కి తిరిగితే హాల్ సిగ్నళ్లలో ఏవైనా రెండు మార్చి మళ్లీ ఆరూ చూడాలి. గేర్డ్ హబ్‌లో వెనక్కి తిరగడం అంటే చక్రం వెనక్కి పోవడం కాదు. లోపల మోటార్ తిరిగే శబ్దం వస్తుంది, క్లచ్ జారి చక్రం నిలబడే ఉంటుంది. ఆ సంగతి తెలియక గేర్లు అరిగాయనుకుంటారు.

ఇక్కడ మాత్రం కాంబినేషన్ తప్పై ఉండే అవకాశం లేదు. తప్పు కాంబినేషన్ *ఎప్పుడూ* తప్పే. స్టాండ్ మీద కూడా గరగరలాడుతుంది, లోడ్ లేకుండానే నాలుగైదు ఆంప్‌లు లాగుతుంది. ఒక్కోసారి బాగా, ఒక్కోసారి వణుకుగా రాదు. ఒక్కోసారి మాత్రమే వచ్చేది వదులైన పిన్నో, నలిగిన వైరో, తడో. సరిగ్గా ఉన్న ఫేజ్ వరుసని ఇప్పుడు కదిపితే ఉన్న లోపానికి తోడు ఇంకొకటి చేరుతుంది. పైగా తప్పు వరుసలో థ్రాటిల్ గట్టిగా ఇస్తే కంట్రోలర్ మోస్‌ఫెట్లు (కరెంట్‌ని స్విచ్ చేసే భాగాలు) పోతాయి.

కంట్రోలర్ మీద అనుమానం తీరాలంటే ఐదు నిమిషాల పని. బ్యాటరీ తీసేసి, కెపాసిటర్లు దిగడానికి ఓ నిమిషం ఆగి, మోటార్ వైపు ఫేజ్‌లు విప్పండి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎరుపు ప్రోబ్ బ్యాటరీ మైనస్ వైరుకి, నలుపు ఒక్కో ఫేజ్‌కి. మూడూ 0.4 నుంచి 0.6 మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. తర్వాత ఎరుపు ఒక్కో ఫేజ్‌కి, నలుపు బ్యాటరీ ప్లస్‌కి పెట్టండి. ఇక్కడా అంతే రావాలి. ఎక్కడైనా సున్నాకి దగ్గరగా వస్తే ఆ మోస్‌ఫెట్ షార్ట్. అలా షార్ట్ అయితే మీ బండి స్టాండ్ మీద కూడా తిన్నగా తిరగదు, కాబట్టి మీది బాగానే ఉండాలి. అయినా చూసి పెట్టుకోండి.

గేర్‌హబ్_సైకిల్

అందరికీ ధన్యవాదాలు. కొలిచినవి వరుసగా రాస్తున్నాను.

ఎత్తు మీద ఆగినప్పుడు డిస్‌ప్లే కూడా ఆరిపోతోంది.

కంట్రోలర్ డయోడ్ టెస్ట్: మైనస్ వైపు మూడు ఫేజ్‌లూ 0.48, 0.48, 0.49. ప్లస్ వైపు కూడా ఇంతే.

నాలుగు బల్బులతో గ్రూపులు: లోడ్ లేకుండా అన్నీ 4.11 నుంచి 4.12. లోడ్‌తో పన్నెండు గ్రూపులు 4.05 దగ్గర. ఏడో గ్రూప్ మాత్రం 3.83. బల్బులు తీయగానే ఏడోది కూడా వెంటనే 4.11కి వచ్చేసింది. చార్జర్ 2 ఆంప్‌లది. పెట్టిన మొదటి నిమిషంలో ఏడో గ్రూప్ మిగతావాటికన్నా 0.1 *ఎక్కువ* చూపిస్తోంది.

హాల్: ఎరుపు 4.7. పసుపు, నీలం సున్నాకీ 4.7కీ మధ్య స్పష్టంగా మారుతున్నాయి. ఆకుపచ్చ కూడా మారుతోంది కానీ ఇరుసు దగ్గర కేబుల్ వంచితే 4.7 నుంచి 3కి జారుతోంది, వదిలితే తిరిగి వస్తోంది. ఇరుసు దగ్గర కేబుల్ నల్ల తొడుగు మీద నొక్కు పడింది. ఎడమ నట్టు చేత్తో కాదు కానీ స్పానర్‌తో తేలిగ్గా తిరిగింది.

జవాబు – పదమూడు_ఎస్

చాలా చక్కగా కొలిచారు, ఇక ఊహించాల్సిన పని లేదు.

మీ ఏడో గ్రూప్‌లో సెల్స్ చెడిపోలేదు. సెల్స్ అరిగిపోతే లోడ్ తీసినా వోల్టేజ్ నెమ్మదిగా, నిమిషాల మీద పాకుతూ లేస్తుంది, కొంచెం తక్కువ దగ్గరే ఆగుతుంది. మీది లోడ్ తీయగానే ఎగిరి పాత అంకెకి వచ్చింది. ఇంకో సాక్ష్యం చార్జర్ రీడింగ్. డిశ్చార్జ్‌లో తక్కువగా, చార్జింగ్ మొదలైన మరుక్షణమే ఎక్కువగా, రెండు దిక్కులా కరెంట్‌తో పాటే తేడా వస్తోందంటే దారిలో ఎక్కడో మామూలు నిరోధం కూర్చుంది. నాలుగున్నర ఆంప్‌లకి 0.22 వోల్ట్ అదనం అంటే సుమారు 50 మిల్లీ ఓమ్‌లు. 2 ఆంప్‌ల చార్జింగ్‌కి 0.1 రావాలి, మీకు వచ్చింది అదే. రెండు కొలతలూ ఒకే అంకె చెబుతున్నాయి.

అది ఏడో గ్రూప్‌కీ పక్క గ్రూప్‌కీ మధ్య ఉన్న సిరీస్ జాయింట్. బ్యాలెన్స్ వైరు జాయింట్‌కి అవతలి వైపున సోల్డర్ చేసి ఉంటే, జాయింట్ మీద పడే వోల్టేజ్ ఏడో గ్రూప్ ఖాతాలోకే వెళ్తుంది. 13 సిరీస్ ప్యాకులు చాలావాటిలో ఆరు ఏడు గ్రూపుల దగ్గర వరుస మలుపు తిరుగుతుంది. మిగతా చోట్ల నాలుగు సెల్స్‌కి నాలుగు స్ట్రిప్పులు నేరుగా దాటితే, మలుపు దగ్గర ఒకే స్ట్రిప్పో, ఒక వైరు ముక్కో దాటిస్తారు. లోపం సాధారణంగా అక్కడే పుడుతుంది. 22 ఆంప్‌ల దగ్గర 50 మిల్లీ ఓమ్‌ల జాయింట్‌లో 24 వాట్ల వేడి పుడుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన అంత. అందుకని బాగు చేసేదాకా దాంతో ఎత్తులు ఎక్కవద్దు, చార్జింగ్‌లో పెట్టి వదిలి వెళ్లవద్దు.

ప్యాక్ విప్పేటప్పుడు ఉంగరం, వాచీ, గొలుసు తీసేయండి. ప్యాక్‌ని ఒక్కో గ్రూప్ 3.6 దగ్గరికి వచ్చేలా దించాక విప్పడం మంచిది. ఫుల్ చార్జ్‌లో పొరపాటు జరిగితే నష్టం ఎక్కువ. ష్రింక్ తొడుగుని బ్లేడుతో లోతుగా కోయకుండా, గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో లేపి చించండి. బీఎంఎస్‌కి ముందు బ్యాలెన్స్ కనెక్టర్ తీయాలి, తర్వాతే బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే లావు వైరు. తిరిగి పెట్టేటప్పుడు లావు మైనస్ ముందు, బ్యాలెన్స్ కనెక్టర్ చివర. వరుస తారుమారైతే కొన్ని బీఎంఎస్‌లు అక్కడికక్కడే పోతాయి.

మలుపు దగ్గర నికెల్ రంగు మారిందో, గోధుమరంగు మచ్చ ఉందో, టేప్ మెత్తబడిందో చూడండి. పాత అతుకు మీదే ఇంకొంచెం సోల్డర్ పోయకండి. పాత స్ట్రిప్ తీసేసి, 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పున్న నికెల్ స్ట్రిప్పులు నాలుగు, ఒక్కో సెల్ నుంచి ఒక్కోటి దాటేలా స్పాట్ వెల్డ్ చేయించండి. ఒక్కో స్ట్రిప్ మీద ఐదున్నర ఆంప్‌లు, ఆ సైజుకి అంతే సురక్షితం. ప్రతి సెల్ చివరా కనీసం నాలుగు చుక్కలు పడాలి. వెల్డ్ అయ్యాక ముక్కుపటకారుతో స్ట్రిప్ చివర లాగి చూస్తే చుక్క దగ్గర నికెల్ చిరగాలి కానీ చుక్క ఊడి రాకూడదు. పరీక్షకి పనికిరాని సెల్ ఒకటి వాడండి.

స్ట్రిప్ అసలైన నికెలేనా అన్నది అయస్కాంతంతో తేలదు, నికెల్‌కీ స్టీల్‌కీ రెండింటికీ అంటుకుంటుంది. ముక్క ఒకటి గీరి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచండి. గీత దగ్గర తుప్పు ఎర్రగా వస్తే అది నికెల్ పూత వేసిన స్టీల్. దాని నిరోధం దాదాపు రెట్టింపు, సిరీస్ జాయింట్లకి వద్దు.

సెల్స్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. ప్లస్ వైపు సీల్, దాని కింద ఉండే సేఫ్టీ వాల్వ్ వేడికి చెడతాయి.

జవాబు – వైరింగ్‌డబ్బా

హాల్ విషయం. సెన్సర్ బాగానే ఉంది, వైరు నలిగింది. ఎందుకు నలిగిందన్నది ఇంకా ముఖ్యం: మీ ఇరుసు తిరుగుతోంది.

మోటార్ చక్రాన్ని ముందుకి తోసినప్పుడల్లా అంతే బలంతో ఇరుసుని వెనక్కి తిప్పడానికి చూస్తుంది. ఇరుసు 12 మిల్లీమీటర్లు, డ్రాపౌట్‌లో (ఫ్రేమ్‌లో ఇరుసు పట్టే గాడిలో) కూర్చునే చదును భాగం 10 మిల్లీమీటర్లు. 40 న్యూటన్ మీటర్ల టార్క్‌ని ఆ 10 మిల్లీమీటర్ల మధ్య ఆపాలంటే అంచుల మీద సుమారు 4000 న్యూటన్లు, అంటే 400 కిలోల ఒత్తిడి పడుతుంది. డ్రాపౌట్ ఒక్కో స్టార్ట్‌కీ వెంట్రుక వాసి విచ్చుకుంటుంది, నట్టు ఆ మేరకు వదులవుతుంది, ఇరుసు ఇంకొంచెం తిరుగుతుంది, కేబుల్ డ్రాపౌట్ అంచుకి రాసుకుంటుంది. అదే 40 న్యూటన్ మీటర్లని 10 సెంటీమీటర్ల పొడవున్న టార్క్ ఆర్మ్ ఫ్రేమ్ మీద ఆపితే 40 కిలోలే. స్టీల్ ఫ్రేమ్ కాబట్టి ఇంతవరకు నిలబడింది. అల్యూమినియం డ్రాపౌట్ అయితే పగుళ్లు వచ్చేవి. ముందు చక్రంలో ఇలా జరిగితే చక్రమే ఊడి వస్తుంది.

ఇప్పుడే ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. ఆ కేబుల్‌లో లావు ఫేజ్ వైర్లూ, సన్న హాల్ వైర్లూ ఒకే తొడుగులో పక్కపక్కనే పడుకుని ఉంటాయి. నలిగి ఫేజ్ వైరు హాల్ వైరుకి తగిలిన క్షణంలో 5 వోల్ట్ లైన్‌లోకి బ్యాటరీ వోల్టేజ్ దూకుతుంది. మూడు హాల్స్, థ్రాటిల్, కంట్రోలర్ బోర్డు, అన్నీ ఒకేసారి పోతాయి. థ్రాటిల్‌కీ అదే 5 వోల్ట్ లైన్ కాబట్టి అదీ మిగలదు.

పని వరుస ఇలా పెట్టుకోండి. మోటార్ కనెక్టర్లు అన్నీ విప్పి, మల్టీమీటర్ 2 మెగా ఓమ్ రేంజ్‌లో ఒక్కో ఫేజ్‌కీ ఒక్కో హాల్ వైరుకీ మధ్య, తర్వాత అన్నిటికీ ఇరుసు లోహానికీ మధ్య చూడండి. కేబుల్ వంచుతూ చూడాలి. ఎక్కడా అంకె రాకూడదు. వస్తే ఆ కేబుల్‌తో పవర్ ఇవ్వకండి.

నొక్కు ఇరుసు బయట రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటే తొడుగు పొడవుగా చీల్చి, దెబ్బతిన్న వైర్లు కోసి, ఒక్కో అతుకు ఒక్కో చోట వచ్చేలా అంగుళం అంగుళం జరిపి సోల్డర్ చేయండి. అన్ని అతుకులూ ఒకే చోట ఉంటే లావైపోతుంది, మళ్లీ అక్కడే నలుగుతుంది. ఒక్కోదానికీ విడిగా హీట్ ష్రింక్, పైన అంటు లోపల ఉన్న లావు హీట్ ష్రింక్ ఒకటి. నొక్కు సరిగ్గా ఇరుసు రంధ్రం అంచు మీద ఉంటే అతుకు పనికిరాదు, లోపల చోటు ఉండదు. పక్క మూత స్క్రూలు విప్పి కేబుల్ మొత్తం మార్చాలి. హాల్స్‌కి సన్న టెఫ్లాన్ వైర్లు వాడితే ఇరుసు రంధ్రంలో సులువుగా పడతాయి, వేడికీ ఆగుతాయి. పాతది లాగే ముందు ఏ రంగు ఎక్కడుందో ఫొటో తీసుకోండి.

ఎలాగూ హబ్ విప్పితే హాల్స్ మార్చేద్దామనిపిస్తుంది. పనిచేస్తుంటే ముట్టుకోకండి. మార్చక తప్పకపోతే మాత్రం మూడూ ఒకే రకం, రెండు ధ్రువాలకీ స్పందించే లాచ్ లేదా బైపోలార్ రకం తీసుకోవాలి, ఎస్‌ఎస్411 లాంటివి. మామూలు స్విచ్ రకం హాల్స్ ఒక ధ్రువానికే స్పందిస్తాయి, మోటార్‌కి పనికిరావు. అక్షరాలున్న ముఖం మీ వైపు పెట్టుకుంటే ఎడమ కాలు ప్లస్, మధ్యది మైనస్, కుడిది సిగ్నల్. పాతది ఏ ముఖం బయటికి ఉందో కొత్తదీ అదే ముఖంతో కూర్చోవాలి.

తిరిగి బిగించేటప్పుడు కేబుల్ బయటికి వచ్చే వైపు కిందికి చూడాలి. పైకి చూస్తే వాన నీళ్లు కేబుల్ వెంట ఇరుసులోకి దిగుతాయి. బయటికి వచ్చాక కేబుల్‌ని ఓ వంపు కిందికి వేలాడదీసి అప్పుడు ఫ్రేమ్‌కి కట్టండి, నీళ్లు ఆ వంపు అడుగున రాలిపోతాయి. నాలుక ఉన్న వాషర్ నాలుక డ్రాపౌట్ గాడిలో కూర్చోవాలి. టార్క్ ఆర్మ్ ఇరుసు మీద బిగుతుగా ఎక్కాలి, చేత్తో కదిపితే టకటకలాడే టార్క్ ఆర్మ్ ఉన్నా లేనట్టే. నట్లు కిట్‌తో ఇచ్చిన అంకెకి, సాధారణంగా 40 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో. అంతకు మించి బిగిస్తే బోలు ఇరుసు మరలు పోతాయి.

గేర్‌హబ్_సైకిల్

రెండూ అయ్యాయి. ఏడు, ఎనిమిది గ్రూపుల మధ్య మలుపు దగ్గర రెండు స్ట్రిప్పులు ఒకదాని మీద ఒకటి పెట్టి సోల్డర్ ముద్దతో అతికించి ఉన్నాయి. ముద్ద అడుగున సన్నగా పగులు ఉంది, చుట్టూ టేప్ గోధుమరంగులోకి మారింది. ఇప్పుడు నాలుగు నికెల్ స్ట్రిప్పులు వెల్డ్ అయ్యాయి. అదే బల్బులతో పదమూడు గ్రూపులూ 4.05. ఎత్తు మీద ఫుల్ థ్రాటిల్‌లో డిస్‌ప్లే 49.2 చూపిస్తోంది, ఆగడం లేదు.

కేబుల్ నొక్కు ఇరుసుకి రెండు సెంటీమీటర్ల బయట ఉంది, అతికి సరిపోయింది. ఆకుపచ్చ వైరు రాగి పోగుల్లో రెండే మిగిలాయి. ఫేజ్‌లకీ హాల్స్‌కీ మధ్య ఎక్కడా అంకె రాలేదు. టార్క్ ఆర్మ్ ఎడమ వైపు బిగించాను. వణుకు పోయింది.

ఒక్కటి మిగిలింది. పొడవైన ఎత్తు ఎక్కాక ఫేజ్ వైర్ల బుల్లెట్ కనెక్టర్లు వేడిగా ఉంటున్నాయి. బ్యాటరీ కనెక్టర్ మాత్రం చల్లగానే ఉంది. కరెంట్ అదే కదా, ఇదెందుకు?

జవాబు – వైరింగ్‌డబ్బా

కరెంట్ అదే కాదు. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు మోటార్‌కి అవసరమైన వోల్టేజ్ తక్కువ, కరెంట్ ఎక్కువ. కంట్రోలర్ బ్యాటరీ నుంచి 50 వోల్ట్, 22 ఆంప్ తీసుకుని ఫేజ్‌ల్లోకి తక్కువ వోల్టేజ్‌లో దానికి రెండు మూడు రెట్ల కరెంట్ పంపిస్తుంది. కనెక్టర్‌లో వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు కరెంట్ అంటే నాలుగు రెట్ల వేడి.

గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచలేకపోతే బాగు చేయాలి. మూడూ ఒకేలా వేడెక్కితే కనెక్టర్ చిన్నది, 4 మిల్లీమీటర్ల బుల్లెట్ బదులు 5.5 పెట్టండి. ఒక్కటే వేడెక్కితే దాని క్రింప్ (వైరుని నొక్కి బిగించిన చోటు) వదులు. కోసి కొత్తది వేసి, క్రింప్ మీద సోల్డర్ కూడా నింపండి. ఆడ బుల్లెట్‌ని ముక్కుపటకారుతో నొక్కి బిగుతు చేయడం కొన్నాళ్లే ఆగుతుంది.

జవాబు – పదమూడు_ఎస్

49.2 అంటే లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఒక్క మాట: 22 ఆంప్‌లని నాలుగు సెల్స్ పంచుకుంటే ఒక్కోదాని మీద ఐదున్నర. మీ సెల్స్ డేటాషీట్‌లో నిరంతర కరెంట్ 5 ఆంప్‌లే అని ఉంటే, డిస్‌ప్లే సెట్టింగుల్లో కరెంట్ లిమిట్ 18కి తగ్గించండి. ఎత్తు మీద వేగం కొంచెం తగ్గుతుంది, ఫేజ్ కనెక్టర్లూ చల్లబడతాయి. తర్వాతి నాలుగైదు చార్జింగుల్లో చార్జర్ ఆగే ముందు ఏడో గ్రూప్‌నీ ఎనిమిదినీ మిగతావాటితో పోల్చి చూడండి. 0.02 లోపు తేడా అయితే బీఎంఎస్ బ్యాలెన్సింగ్ చూసుకుంటుంది. వెల్డ్ చేసిన చోట మళ్లీ టేప్ వేసే ముందు ఫైబర్ పేపర్ (కరెంట్ పారని మందపాటి కాగితం) పెట్టారా? పెట్టకపోతే ష్రింక్ విప్పి ఇప్పుడే పెట్టండి, స్ట్రిప్ అంచు సెల్ పక్క గోడకి తగిలితే అక్కడ షార్ట్ అవుతుంది.